పాత చెక్క బోర్డులో స్విచ్‌లు మార్చాలి: వైర్ల రంగులను ఎంతవరకు నమ్మవచ్చు?

దేవరకొండ నివాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ. మా నాన్నగారు 1990ల మొదట్లో కట్టించిన స్లాబు ఇంట్లో ఉంటున్నాము. గోడలో కూర్చోబెట్టిన చెక్క పెట్టెలు, వాటి మీద సన్‌మైకా అంటించిన పలకలు, ఆ పలకలకు బిగించిన పియానో స్విచ్‌లు ఇప్పటికీ మారలేదు. వాటిలో కొన్ని నొక్కినప్పుడు చిటపటమంటున్నాయి. ఇస్త్రీ పెట్టె పెట్టుకునే సాకెట్ స్విచ్ అయితే వేడెక్కి వేడెక్కి అంచున గోధుమ రంగుకు తిరిగింది. వీటన్నిటినీ తీసివేసి మాడ్యులర్ స్విచ్‌లు పెట్టాలని అనుకుంటున్నాను. పనివాళ్లను పిలిచే ముందు ఏ వైరు ఏ పని చేస్తుందో నాకు తెలిసి ఉండాలన్నది నా కోరిక. వీలైతే స్విచ్‌ల వరకు నేనే మార్చుకోవాలని కూడా ఉంది.

ముందు గది బోర్డు పలక విప్పి చూస్తే కొన్ని విషయాలు అంతుబట్టలేదు. మెయిన్ ఆపిన తరవాత కూడా రెండు స్విచ్‌ల దగ్గర టెస్టర్ వెలుగుతోంది. ఫ్యాన్ స్విచ్ కింది స్క్రూకు నల్ల వైరు బిగించి ఉంది. నల్లది న్యూట్రల్ (కరెంటు తిరిగిపోయే వైరు) అని అందరూ అంటారు కదా, అది స్విచ్ దాకా ఎందుకు వచ్చినట్లు? ఒక స్క్రూ కింద అయితే మూడు ఎర్ర వైర్లు కలిపి బిగించి ఉన్నాయి.

పడక గదిని ఇల్లు కట్టిన చాలా ఏళ్లకు కలిపారు. అక్కడి ఎల్‌ఈడీ బల్బు స్విచ్ ఆపినా రాత్రంతా మసకగా వెలుగుతూనే ఉంటుంది. ఆ బోర్డులో స్విచ్‌లన్నిటినీ కలుపుతూ పోయిన ఎర్ర వైరు మీద టెస్టర్ వెలగదు, కానీ స్విచ్ ఆపి ఉన్నప్పుడు బల్బుకు వెళ్లే వైరు మీద వెలుగుతుంది.

చివరిది మెట్ల దగ్గరి బల్బు. దానికి కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్ ఉన్నాయి. పైది పాడైతే ఒక ఎలక్ట్రీషియన్ వచ్చి మార్చి వెళ్లాడు. అంతకుముందు ఎక్కడి నుంచైనా వెలిగించి ఎక్కడి నుంచైనా ఆపే వీలుండేది. ఇప్పుడు కింది స్విచ్ వేసి ఉంటేనే పైది పనిచేస్తోంది. కిందిది ఆపి ఉంటే పైన ఎన్నిసార్లు నొక్కినా బల్బు వెలగదు. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

పాలమూరు వైర్‌మన్

దేవరకొండ మిత్రులకు నమస్కారం. నేను మహబూబ్‌నగర్‌లో ఇళ్ల వైరింగ్ పని చేస్తాను. మీరు అడిగినవాటిలో మొదటిదే ప్రాణానికి సంబంధించినది కనుక దానితోనే మొదలుపెడతాను.

మెయిన్ ఆపినా రెండు స్విచ్‌ల దగ్గర టెస్టర్ వెలుగుతోందంటే మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉండి ఉండాలి. మీరు మెయిన్ ఆపినప్పుడు అది ఇన్వర్టర్‌కు కరెంటు పోయినట్లుగానే కనిపిస్తుంది. వెంటనే బ్యాటరీ నుంచి 230 వోల్టులు తయారుచేసి, తనకు అప్పగించిన లైట్లకూ ఫ్యాన్లకూ పంపుతుంది. మెయిన్ దించి, ఇక భయం లేదనుకుని స్క్రూడ్రైవర్ పట్టినవారికి షాక్ తగలడానికి మన జిల్లాల్లో ఇదొక పెద్ద కారణం. ఇన్వర్టర్ ముందున్న బటన్ ఒక్కటి ఆపినా చాలదు. ఆ బటన్ ఆపితే బ్యాటరీ సరఫరా మాత్రమే ఆగుతుంది, మెయిన్ వేసి ఉంటే బయటి కరెంటు ఇన్వర్టర్ లోపలి నుంచి నేరుగా దాటుకుని స్విచ్‌లకు వస్తూనే ఉంటుంది. కాబట్టి ముందు మెయిన్ ఆపాలి, తరవాత ఇన్వర్టర్ బటన్ ఆపాలి, వీలైతే ఇన్వర్టర్ ప్లగ్గులను సాకెట్ల నుంచి పీకి పక్కన పెట్టాలి. ఇంట్లో ఉన్న మిగతావారికి కూడా చెప్పి ఉంచండి. లోపల ఎవరో బోర్డు విప్పుకుని కూర్చున్నారని తెలియక మెయిన్ వేసేవారు ఉంటారు.

టెస్టర్ విషయం కూడా ఒకటి గుర్తుంచుకోండి. నియాన్ టెస్టర్ వెలగాలంటే అతి స్వల్పమైన కరెంటు మీ శరీరం గుండా నేలకు చేరాలి. ఎండిన చెక్క స్టూలు మీద రబ్బరు చెప్పులతో నిలబడి, పట్టపగటి వెలుతురులో చూస్తే, ఫేజు (కరెంటు తెచ్చే వైరు) ఉన్నా లేనట్లే అనిపించవచ్చు. దీనికి విరుద్ధంగా, ఒకే పైపులో ఫేజు పక్కన చాలా దూరం నడిచిన ఖాళీ వైరు మీద కరెంటు లేకపోయినా సన్నగా వెలగవచ్చు. అందుకని ముందు కరెంటు ఉందని రూఢిగా తెలిసిన చోట టెస్టర్‌ను పరీక్షించి, తరవాత మీరు పనిచేసే చోట చూసి, మళ్లీ మొదటి చోట చూడండి. దీనికి తోడు ఒక మల్టీమీటరు గానీ, హోల్డర్‌కు రెండు వైర్లు కట్టిన 40 వాట్ల పాత రకం పోగు బల్బు గానీ దగ్గర ఉండటం మంచిది. ఆ బల్బు నిండుగా వెలిగితే అక్కడ ఉన్నది నిజమైన సరఫరా. దొంగ వోల్టేజీకి అది వెలగదు.

ఇక బోర్డు సంగతి. మన ఇళ్లలో న్యూట్రల్ సాధారణంగా స్విచ్ దాకా రాదు, వచ్చినా సాకెట్ కోసమో ఇండికేటర్ కోసమో వస్తుంది. బల్బుకు న్యూట్రల్ నేరుగా వెళ్తుంది, ఫేజు మాత్రం స్విచ్ గుండా వెళ్తుంది. బోర్డులోకి వచ్చిన ఫేజు వైరును మొదటి స్విచ్ స్క్రూకు బిగించి, అక్కడి నుంచి చిన్న ముక్కతో రెండో స్విచ్‌కు, దాని నుంచి మూడో దానికి కలుపుకుంటూ పోతారు. కాలువ నీరు ఒక మడి నుంచి పక్క మడికి పారినట్లు ఫేజు ఆ వరుసంతా నడుస్తుంది. దీన్నే మేము లూపింగ్ అంటాము. మీరు చూసిన మూడు ఎర్ర వైర్లలో ఒకటి బయటి నుంచి వచ్చే ఫేజు, ఒకటి పక్క స్విచ్‌కు పోయే లూపు, మూడోది బహుశా పడక గదికో వంటగదికో వెళ్లే సరఫరా అయి ఉంటుంది. ఈ మూడింటినీ విప్పి ఏ ఒక్కటి మరిచినా ఆ తరవాతి స్విచ్‌లో గదులో ఆరిపోతాయి, విడిగా మిగిలిన కొసలో ఫేజు ఉంటే అది ప్రమాదం కూడా. స్విచ్‌కు రెండో స్క్రూ కింద ఉన్న వైరు మాత్రం ఒక్కొక్క బల్బుకు లేదా ఫ్యాన్‌కు విడివిడిగా వెళ్తుంది. ఈ రెండు రకాలనూ ఎప్పుడూ కలపకూడదు, కలిపితే ఆ బల్బు ఇక ఆరదు.

ఫ్యాన్ స్విచ్ కింద ఉన్న నల్ల వైరు న్యూట్రల్ కాదని నా అంచనా. ఎర్ర వైరు చుట్ట అయిపోతే చేతికందిన నల్ల ముక్కను వాడేసిన పని అది. ఆ రోజుల్లో ఎక్కువ ఇళ్లలో జరిగినదే. కరెంటు ఉన్నప్పుడు పరీక్షించి చూడండి. స్విచ్ వేస్తే ఆ నల్ల వైరు మీద టెస్టర్ నిండుగా వెలిగి, ఆపితే వెలగకపోతే, అది ఫ్యాన్‌కు ఫేజు తీసుకుపోయే వైరే. నల్లగా ఉంది కదా అని దాన్ని స్విచ్ నుంచి తీయకుండానే సాకెట్ దగ్గరి న్యూట్రల్ గుంపులో కలిపితే, స్విచ్ వేసిన మరుక్షణం ఫేజూ న్యూట్రలూ నేరుగా తగిలి ఫ్యూజు పేలుతుంది. ఆ వైరు కొసకు ఒక చుట్టు ఎర్ర టేపు వేస్తే తరవాత వచ్చేవారికి చిక్కు ఉండదు. రంగు అన్నది వైరు లాగినవాడి ఉద్దేశాన్ని మాత్రమే చెబుతుంది, అది ఎక్కడికి పోతుందో పరీక్షే చెబుతుంది.

గోధుమ రంగుకు తిరిగిన స్విచ్ మీద తప్పు మోపకండి. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె 230 వోల్టుల దగ్గర సుమారు 4.3 ఆంపియర్లు తీసుకుంటుంది. 6 ఆంపియర్ల స్విచ్‌కు అది మోయలేని భారం కాదు. స్క్రూ వదులైతే మాత్రం ఆ సన్నని సందులో వేడి పుట్టి ముందు వైరు తొడుగు, తరవాత స్విచ్ కాలిపోతాయి. అక్కడి వైరును నల్లబడిన మేరకు కత్తిరించి, మెరిసే రాగి కనిపించేదాకా ఒలిచి, పోగులను గట్టిగా మెలిపెట్టి, సగానికి మడిచి స్క్రూ కింద పెట్టండి. బిగించాక ఒకసారి లాగి చూడండి. గీజరుకూ నీళ్ల మోటారుకూ 6 ఆంపియర్ల స్విచ్ ఎంత కొత్తదైనా పనికిరాదు. రెండు వేల వాట్ల గీజరు 8.7 ఆంపియర్లు లాగుతుంది, ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడే ఆరేడు ఆంపియర్లు తీసుకుని, మొదలయ్యేటప్పుడు దానికి అయిదారు రెట్లు లాగుతుంది. చిన్న గీజరుకు 16 ఆంపియర్ల స్విచ్చూ, దానికి తగినట్లు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరూ ఉండాలి. పెద్ద గీజరుకూ మోటారుకూ విడిగా ఎంసీబీ (భారం మించితే తానే ఆగిపోయే స్విచ్) పెట్టుకోవడమే నయం. లైట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలు.

మీ వైర్లు రాగివా, అల్యూమినియంవా అన్నది కూడా చూడండి. తెల్లగా, ఒంటి పోగుతో, మెత్తగా ఉంటే అల్యూమినియం. అది రెండు మూడుసార్లు వంచితే స్క్రూ దగ్గర తెగుతుంది, తెగాక గోడ లోపల అందదు. అలాంటి వైర్లున్న బోర్డులో స్విచ్‌లు మార్చడం కన్నా వైర్లు మార్చడమే ముందు పని.

వనపర్తి ఉపాధ్యాయుడు

పైన చెప్పినదానికి నేను చేర్చగలిగినది కొద్దిగానే ఉంది. మా ఇంట్లో ఇటీవలే ఇదే మార్పు చేయించాము కాబట్టి కొనుగోలు దగ్గర వచ్చే చిక్కులు చెబుతాను.

పియానో స్విచ్ తీసి అదే పలకలో కొత్త పియానో స్విచ్ పెట్టడం తేలిక, రెండు స్క్రూల పని. మాడ్యులర్‌కు మారాలంటే మాత్రం చెక్క పెట్టె పోయి ఇనుప పెట్టె రావాలి. ఆ పెట్టెలు 3, 4, 6, 8, 12, 18 మాడ్యూళ్ల లెక్కన దొరుకుతాయి. మీ చెక్క పెట్టె కొలతకు ఇవి సరిపోవు కనుక గోడ కొంత పగలగొట్టడమో, మిగిలిన సందును సిమెంటుతో పూడ్చడమో తప్పదు. మామూలు స్విచ్‌కు ఒక మాడ్యూలు, సాకెట్‌కు రెండు, ఫ్యాన్ రెగ్యులేటరుకు ఎక్కువగా రెండు పడతాయి. ఎన్ని కావాలో కాగితం మీద వేసుకుని, ఒకటి రెండు ఖాళీలు ఉండేలా పెట్టె కొనండి. ఒక కంపెనీ స్విచ్‌లు ఇంకో కంపెనీ చట్రంలో సరిగా కూర్చోవు. మీ ఊళ్లో ఎప్పుడూ దొరికే రకాన్నే ఎంచుకోవడం మేలు. యాంకర్ రోమా అయినా, హావెల్స్ అయినా, లెగ్రాండ్ అయినా తీసుకునే ముందు వెనుక ఐఎస్‌ఐ గుర్తూ, ఎన్ని ఆంపియర్లన్న అంకే చూసుకోండి. స్విచ్‌లకు వర్తించే ప్రమాణం ఐఎస్ 3854, సాకెట్లకు ఐఎస్ 1293.

పాత బోర్డు విప్పగానే ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి, ఒక్కొక్క వైరుకు తెల్ల టేపు చుట్టి దాని మీద పేరు రాయండి: ట్యూబులైటు, ఫ్యాను, బయటి బల్బు, వచ్చే ఫేజు. మా ఇంటికి వచ్చిన ఎలక్ట్రీషియన్ దీన్ని చూసి నవ్వాడు గానీ, భోజనం చేసి వచ్చాక ఆ టేపులు చూసే పని మొదలుపెట్టాడు.

చెక్క పెట్టెల్లో చీమల పుట్టలూ, ఎండిన బల్లులూ ఉండటం మామూలే. స్విచ్ చిటపటమనడానికి కొన్నిసార్లు అవే కారణం. వానాకాలంలో పిట్టగోడ నుంచి చెమ్మ దిగే గోడలో బోర్డు ఉంటే ముందు ఆ చెమ్మను ఆపుకోండి.

మిర్యాలగూడ ఐటీఐ బోధకుడు

నేను ఎలక్ట్రీషియన్ ట్రేడు బోధిస్తాను. పాలమూరు వైర్‌మన్ గారు ముందు గది బోర్డును చక్కగా వివరించారు. పడక గది బల్బునూ మెట్ల స్విచ్‌నూ నేను తీసుకుంటాను.

ఆపిన ఎల్‌ఈడీ బల్బు మసకగా వెలగడానికి మూడు కారణాలు ఉంటాయి. స్విచ్‌లోనే చిన్న ఇండికేటర్ దీపం ఉంటే, దాని గుండా పోయే స్వల్పమైన కరెంటు ఎల్‌ఈడీకి సరిపోతుంది. పైపులో ఫేజు వైరూ, బల్బుకు వెళ్లే వైరూ చాలా దూరం పక్కపక్కనే నడిస్తే, వాటి మధ్య కెపాసిటెన్స్ (తగలకుండానే ఒక వైరు నుంచి పక్క వైరుకు స్వల్పంగా కరెంటు చేరడం) వల్ల కూడా ఆ మసక వెలుగు వస్తుంది. ఈ రెండూ హానిలేనివి. పాత పోగు బల్బుకు ఈ కరెంటు ఏమాత్రం చాలదు కాబట్టి ఇదివరకు ఎవరికీ కనిపించేది కాదు. మూడో కారణం మాత్రం ప్రమాదకరమైనది: స్విచ్ ఫేజును కాక న్యూట్రల్‌ను తెంచుతూ ఉండటం. మీరు రాసిన గుర్తులు ఈ మూడో దానివి. స్విచ్‌లను కలుపుతూ పోయిన లూపు వైరు మీద టెస్టర్ వెలగలేదంటే అది న్యూట్రల్. స్విచ్ ఆపి ఉన్నప్పుడు బల్బు వైపు వైరు మీద వెలిగిందంటే, ఫేజు అవతలి వైపు నుంచి బల్బులోకి వచ్చి, బల్బు గుండా స్విచ్ దాకా చేరి అక్కడ ఆగి ఉంది. ఆ గదిలో స్విచ్ ఆపినా హోల్డర్‌లో ఎప్పుడూ ఫేజు ఉన్నట్లే లెక్క. ఫ్యాన్ సంగతీ అంతే. స్విచ్ ఆపాము కదా అని తడిగుడ్డతో ఫ్యాన్ తుడిచేవారికి ఇది ప్రాణాంతకం. సరిచేసేదాకా ఆ గదిలో మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపకుండా బల్బు కూడా మార్చకండి.

ముందు గదిలోని నల్ల వైరూ, ఇక్కడి ఎర్ర లూపూ పైకి ఒకే రకం తప్పులా కనిపిస్తాయి. అక్కడ రంగు మాత్రమే తప్పింది, వైరింగ్ సరైనదే. ఇక్కడ రంగులు సరిగ్గా ఉన్నట్లే ఉండి వైరింగ్ తిరగబడింది. కొత్త స్విచ్ పెట్టినంత మాత్రాన ఇది పోదు.

తిరగబడినది ఈ ఒక్క గదిలోనా, ఇల్లంతానా అన్నది సాకెట్ల దగ్గర తేలుతుంది. సాకెట్‌ను ఎదురుగా నిలబడి చూస్తే పైన ఎర్త్, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్ ఉండాలి. (వెనుక నుంచి బిగించేటప్పుడు కుడి ఎడమలు మారిపోతాయి, చాలామంది అక్కడే తడబడతారు.) స్విచ్ వేసి రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ పెట్టండి. ప్రతి గదిలోనూ ఎడమవైపే వెలిగితే తిరగబడినది మీటరు దగ్గరో, స్తంభం దగ్గరో. గాలివానకు సర్వీసు వైరు తెగి మళ్లీ కలిపినప్పుడు ఇలా జరుగుతుంటుంది. మీటరుకూ, దాని ముందున్న వైరుకూ మనం చేయి పెట్టకూడదు. 1912కు ఫోన్ చేసి దక్షిణ డిస్కమ్ (మన ప్రాంతపు విద్యుత్ పంపిణీ సంస్థ) సిబ్బందిని పిలిపించాలి. ముందు గదిలో కుడివైపు, పడక గదిలో ఎడమవైపు వెలిగితే మాత్రం ఆ గదికి లైను తీసిన అతుకు దగ్గర రెండు వైర్లూ తారుమారయ్యాయి.

మెట్ల స్విచ్‌లను టూ వే స్విచ్‌లు అంటారు. ముందు నుంచి చూస్తే మామూలు స్విచ్‌లాగే ఉంటుంది గానీ వెనుక మూడు టెర్మినళ్లు ఉంటాయి. వాటిలో ఒకటి ఉమ్మడిది. స్విచ్‌ను ఒకవైపు నొక్కితే అది మిగతా రెండింటిలో ఒకదానితో, రెండోవైపు నొక్కితే ఇంకోదానితో కలుస్తుంది. కింది స్విచ్ ఉమ్మడి టెర్మినల్‌కు ఫేజు వస్తుంది, పై స్విచ్ ఉమ్మడి టెర్మినల్ నుంచి బల్బుకు వైరు పోతుంది, మిగిలిన రెండు టెర్మినళ్లనూ కింద నుంచి పైకి రెండు వైర్లు కలుపుతాయి. మీ ఇంట్లో పై స్విచ్ మార్చినప్పుడు బల్బు వైరు పక్క టెర్మినల్‌కు, ఆ రెండు వైర్లలో ఒకటి ఉమ్మడి టెర్మినల్‌కు పడ్డాయి. అప్పుడు కింది స్విచ్ ఒక స్థితిలో ఉంటేనే పై స్విచ్‌కు ఫేజు బల్బు దాకా చేర్చే దారి ఉంటుంది. మీరు వర్ణించినది సరిగ్గా అదే.

దాన్ని సరిచేసే పద్ధతి ఇది. సరఫరా అంతా ఆపి, పై స్విచ్ నుంచి మూడు వైర్లూ విప్పి, ఒకదానికొకటి తగలకుండా దూరంగా వంచి పెట్టండి. మల్టీమీటరును కంటిన్యుటీలో (రెండు చోట్లు కలిసి ఉన్నాయో లేదో చూపే అమరికలో) పెట్టి కొత్త స్విచ్‌లో ఉమ్మడి టెర్మినల్ ఏదో కనుక్కోండి. చాలా రకాల్లో అది మధ్యలోనే ఉంటుంది, అయినా అచ్చు గుర్తును నమ్మే కన్నా మీటరుతో చూడటం మంచిది. తరవాత జాగ్రత్తగా సరఫరా ఇచ్చి, మరొకరిని కింది స్విచ్ నొక్కుతూ ఉండమని, ఒక్కొక్క వైరునూ పరీక్షించండి. కింది స్విచ్ మారినప్పుడల్లా ఒకటి విడిచి ఒకటి వెలిగే రెండూ పైకీ కిందికీ నడిచే వైర్లు. ఎప్పుడూ వెలగని మూడోది బల్బు వైరు, అదే ఉమ్మడి టెర్మినల్‌కు వెళ్లాలి. ఒక వైరు ఎప్పుడూ వెలుగుతూ, మిగతా రెండూ వెలగకపోతే మీ ఇంట్లో ఫేజు పైనుంచి వస్తోందని అర్థం, అప్పుడు ఆ వెలిగేదే ఉమ్మడి టెర్మినల్‌కు వెళ్తుంది.

ఒకటి ఎప్పుడూ ఫేజుగా, ఇంకొకటి న్యూట్రల్‌గా తేలితే మాత్రం పని అక్కడితో ఆపండి. పైనా కిందా ఫేజూ న్యూట్రలూ దగ్గరలోనే ఉన్నాయని, వైరు ఆదా చేయడానికి బల్బును రెండు స్విచ్‌ల ఉమ్మడి టెర్మినళ్ల మధ్య కట్టే దొంగ పద్ధతి ఒకటి ఉంది. అందులో బల్బు ఆరి ఉన్నప్పుడు హోల్డర్ రెండు వైపులా ఫేజు ఉండవచ్చు. పైగా ఒకే చిన్న స్విచ్‌లో ఫేజూ న్యూట్రలూ పక్కపక్కన ఉంటాయి. అలాంటిది కనిపిస్తే వైరు కొత్తగా లాగించాల్సిందే.

మీరే మార్చుకోవచ్చా అని అడిగారు. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 45వది, ఇంటి వైరింగ్ పనులు లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారానే జరగాలని చెబుతూ, దీపాలు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్‌ల వంటివాటిని సామర్థ్యమూ స్వభావమూ మారకుండా మార్చుకోవడాన్ని మినహాయించింది. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన భద్రతా నిబంధనలు కూడా ఆ మినహాయింపును ఉంచాయి. స్విచ్ తీసి స్విచ్ పెట్టడం మీ చేతిలోని పని. కొత్త లైను లాగడం, మెయిన్ బోర్డు మార్చడం పర్మిట్ ఉన్న వైర్‌మన్ పని.

దేవరకొండ నివాసి

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇన్వర్టర్ ఉన్న మాట నిజమే. మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపాక ఏ బోర్డులోనూ టెస్టర్ వెలగలేదు. ఫ్యాన్ నల్ల వైరు వైర్‌మన్ గారు చెప్పినట్లే స్విచ్ వేస్తేనే వెలుగుతోంది. సాకెట్లలో ముందు గదిలోనూ వంటగదిలోనూ కుడివైపు, పడక గదిలో ఎడమవైపు వెలిగింది. ముందు గది బోర్డులోనే, మూలన, టేపు చుట్టిన రెండు అతుకులు కనిపించాయి. పడక గదికి వెళ్లే ఎర్ర వైరును నల్లవాటితో, నల్ల వైరును ఎర్రవాటితో కలిపి ఉన్నాయి.

ఆ రెండింటినీ నేనే తారుమారు చేసి బిగించవచ్చా? ఇంకొక సందేహం. మా మెయిన్ బోర్డులో ఇనుప పెట్టె మెయిన్ స్విచ్ పక్కన రెండు పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు ఉన్నాయి. ఒకటి ఫేజుకు అయితే రెండోది దేనికి? కొత్త ఇనుప పెట్టెలకు ఎర్త్ ఇవ్వాలని అంటున్నారు, మా పాత బోర్డుల్లో ఎర్త్ వైరే కనిపించడం లేదు.

పాలమూరు వైర్‌మన్

అతుకుల దగ్గర తారుమారు చేయడం సరైన మార్గమే. అక్కడ సరిచేస్తే పడక గదిలోని స్విచ్‌లు, సాకెట్, ఫ్యాన్ అన్నీ ఒకేసారి దారికి వస్తాయి. గది బోర్డులో ఒక్కొక్క బల్బు దగ్గర మార్చబోతే చిక్కు పెరుగుతుంది. మెయిన్, ఇన్వర్టర్ ఆపి, పాత టేపు తీసి, వైర్లు విడదీసి ఎర్రను ఎర్రతో, నల్లను నల్లతో కలపండి. చేతి మెలికకు టేపు చుట్టి వదిలేయకుండా స్క్రూలున్న కనెక్టరు వాడండి. ఆ తరవాత సాకెట్‌లో కుడివైపు వెలుగుతోందా అన్నది చూసి, స్విచ్ ఆపి, హోల్డర్ రెండు మొనల దగ్గరా నిండు వెలుగు లేదని రూఢి చేసుకున్నాకే గదిని వాడుకోండి. బల్బు ఇంకా లేశమాత్రం మసకగా వెలిగితే అది బోధకుడు గారు చెప్పిన రెండో కారణం, దాని గురించి దిగులు అక్కరలేదు.

రెండో కిట్‌క్యాట్ న్యూట్రల్‌ది. పాత ఇళ్లలో రెండింటికీ ఫ్యూజు పెట్టేవారు, అది ప్రమాదం. న్యూట్రల్ ఫ్యూజు ముందు తెగితే ఇంట్లో దీపాలన్నీ ఆరిపోతాయి, కరెంటు పోయిందనిపిస్తుంది, కానీ ఫేజు మాత్రం ప్రతి స్విచ్‌లోనూ అలాగే ఉంటుంది. న్యూట్రల్‌ను విడిగా తెంచే ఏ ఏర్పాటూ ఉండకూడదని, తెంచితే ఫేజుతో పాటే ఒకేసారి తెంచాలని పైన చెప్పిన 1956 నియమాల్లోనే 32వది చెప్పింది. అందుకని ఆ రెండు ఫ్యూజులూ తీసి, ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి తెంచే డబుల్ పోల్ ఎంసీబీ, దాని తరవాత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు నేలకు లీకైతే సరఫరాను తెంచే పరికరం) పెట్టించుకోండి. ఇది మీరు చేయవలసిన పని కాదు, పర్మిట్ ఉన్నవారితోనే చేయించండి.

ఎర్త్ లేని ఇంట్లో ఇనుప పెట్టెకు ఎర్త్ ఎలా అంటే, కొందరు సాకెట్ ఎర్త్ మొనను న్యూట్రల్‌కు ముడివేసి పని అయిందనిపిస్తారు. ఎవరు సలహా ఇచ్చినా అలా చేయనివ్వకండి. ఎప్పుడైనా న్యూట్రల్ తెగితే ఫ్రిజ్ తలుపూ, గీజరు ఒళ్లూ ఫేజు అయిపోతాయి. ఇంటి బయట కొత్త గుంత తీయించి, అక్కడి నుంచి పచ్చ వైరు మెయిన్ బోర్డుకూ, దాని నుంచి ప్రతి బోర్డుకూ లాగాలి. మన నల్లగొండ, పాలమూరు నేలల్లో కొంచెం లోతుకే రాయి తగులుతుంది, ఎండాకాలంలో గుంత ఎండిపోయి ఎర్త్ పేరుకే మిగులుతుంది. బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చి, పైన గొట్టం వదిలి, వేసవిలో నీళ్లు పోస్తూ ఉండాలి. బోరు పక్కనో, స్నానాల గది నీళ్లు పారే వైపో గుంత తీస్తే తేమ నిలుస్తుంది. గోడలు పగలగొట్టే ఆలోచన ప్రస్తుతానికి లేకపోతే ఇనుప పెట్టెల జోలికి పోకుండా, చెక్క పెట్టెలే ఉంచి, కొత్త పలకలూ కొత్త పియానో స్విచ్‌లూ వేసుకోండి. అందంగా ఉండకపోవచ్చు గానీ ఎర్త్ లేని ఇనుప పెట్టె కన్నా నయం.

ఆర్‌సీసీబీ పెట్టేవారికి మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉందని ముందే చెప్పండి. ఇన్వర్టర్ లైట్ల న్యూట్రల్, మిగతా లైట్ల న్యూట్రల్ పాత బోర్డుల్లో ఒకే గుంపులో కలిసి ఉంటాయి. వాటిని విడదీయకుండా బిగిస్తే ఏ తప్పూ లేకపోయినా అది పదే పదే పడిపోతుంది, విసిగిపోయి ఇంటివాళ్లు దాన్ని తీయించేస్తారు.